ఖాళీని అల్లే కొక్కెం

సూరత్ నగరం దక్షిణపు అంచున పాండేసరా పారిశ్రామికవాడ ఉంది. దానికి ఆనుకుని బమ్రోలి, వడోద్. పేరుకి ఊళ్ళే గాని ఇప్పుడు అటువైపు ఎటు చూసినా మరమగ్గాల షెడ్లు, అద్దకపు మిల్లులు, కూలీల గదులు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వలసవెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరంలో తరాలుగా ఉంటున్నాయి. లింబాయత్ వైపు తెలుగు మాట వినబడుతూనే ఉంటుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. మన ఊళ్ళ మ్యాచింగ్ సెంటర్లలో మీటర్ల లెక్కన కొలిచి ఇచ్చే చీర అంచు లేసుల్లో చాలామటుకు ఈ నగరం నుంచి వచ్చినవే.

ఆ చుట్టల్లో ఒక రకాన్ని క్రోషె లేసు అంటారు. దాన్ని తయారుచేసే యంత్రాన్నీ క్రోషె మెషీన్ అనే అంటారు. తమాషా ఏమిటంటే ఆ యంత్రానికి క్రోషె రాదు. అది చేసేది వేరే పని, పోలిక మాత్రమే క్రోషెది. అసలు క్రోషెని, అంటే నరసాపురం పల్లెల్లో ఒక మనిషి ఒక కొక్కెపు సూదితో అల్లేదాన్ని, ఇవాళ్టికీ ఏ కార్ఖానా యంత్రమూ అల్లడం లేదు. నేతనీ, కుట్టునీ, స్వెట్టర్ల అల్లికనీ, ఎంబ్రాయిడరీనీ యంత్రాలు ఎప్పుడో చేజిక్కించుకున్నాయి. రాజులు మాత్రమే తొడగగలిగిన లేసుల్ని కూడా రెండు వందల ఏళ్ళ కిందట మొదలుపెట్టి చేజిక్కించుకున్నాయి. ఆ లేసులు కొనలేనివాళ్ళ కోసం పుట్టిన ఈ చవక అల్లిక మాత్రం వాటికి చిక్కలేదు. ఎందుకు చిక్కలేదో తెలియాలంటే 18వ శతాబ్దపు యూరప్ దాకా వెళ్ళిరావాలి. ఆ దారి కూడా గుజరాత్ నుంచే మొదలవుతుంది.

పెళ్ళి జాకెట్టుకి మగ్గం వర్క్ చేసేచోట కాసేపు నిలబడి చూసినవాళ్ళకి కొక్కెపు సూది పని ఎలా సాగుతుందో సులువుగా అర్థమవుతుంది. చెక్క చట్రానికి బట్టని డోలులా బిగదీస్తారు. పైచేతిలో కొసన కొక్కెం ఉన్న సన్నటి సూది ఉంటుంది. కిందిచెయ్యి బట్ట అడుగున దారం పట్టుకుని ఉంటుంది. సూది బట్టలోకి దిగి, అడుగునున్న దారాన్ని కొక్కేనికి తగిలించుకుని, చిన్న ఉచ్చుగా పైకి లాగుతుంది. ఆ ఉచ్చు సూది మీద ఉండగానే కాస్త ముందుకు జరిగి మళ్ళీ దిగుతుంది. రెండో ఉచ్చుని పైకి తెచ్చి, మొదటి ఉచ్చులోంచి దూరుస్తుంది. మూడోది రెండోదాంట్లోంచి. అలా సాగేది గొలుసు కుట్టు. చెయ్యి తిరిగిన పనివాడు ఈ కుట్టుని కుట్టుమిషనుతో పోటీపడే వేగంతో వేస్తాడు. మామూలు సూదికి ఆ వేగం రాదు. దాని వెనక మూరెడు దారాన్ని ప్రతిసారీ బట్టలోంచి పూర్తిగా లాగాలి, దారం అయిపోతే మళ్ళీ ఎక్కించాలి. కొక్కేనికి ఆ బెడద లేదు. దారం కొస ఎక్కడికీ దూరదు, ఉండ నుంచి కావలసినంత వస్తూనే ఉంటుంది.

ఈ సూదిని ఆరీ అంటారు. గుజరాత్‌లో తోలుపని చేసే మోచీలు ఆరెతో తోలు కుట్టే ఒడుపుని బట్ట మీదికి తెచ్చారు. 1613లో జహంగీర్ అనుమతితో సూరత్‌లో కోఠీ పెట్టుకున్న ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ, ఆ శతాబ్దమంతా గుజరాత్ నుంచి ఓడలకెత్తిన సరుకుల్లో మోచీలు పట్టుదారంతో గొలుసు కుట్టు వేసిన మంచం పరదాలు కూడా ఉన్నాయి. 17వ శతాబ్దపు చివరి నాటి అలాంటి పరదాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి.

సరుకు వెనకాలే పనితనమూ వెళ్ళింది. 1760 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో గుండ్రటి చట్రానికి బట్ట బిగించి కొక్కెంతో గొలుసు కుట్టు వేయడం పెద్దింటి ఆడవాళ్ళకి వేలంవెర్రి అయింది. చట్రం డోలులా ఉంటుంది కాబట్టి దానికి టాంబూర్ అని పేరొచ్చింది. ఇది తూర్పు దేశాల నుంచి వచ్చిన విద్య అని వాళ్ళకీ తెలుసు. ఫ్రెంచి రాజుగారి ఎంబ్రాయిడరీ చిత్రకారుడు సాంతోబాఁ 1770లో ఎంబ్రాయిడరీ మీద రాసిన పుస్తకంలో ఈ పద్ధతిని సూది బొమ్మతో సహా వివరించాడు. పదిహేనో లూయీకి ఆప్తురాలైన మదామ్ ద పొంపదూర్ చిత్రం ఒకటి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. 1763-64లో ద్రువే అనే చిత్రకారుడు వేసింది. ఆవిడ టాంబూర్ చట్రం ముందు కూచుని పనిచేసుకుంటూ ఉంటుంది. ఒంటి మీద అంతటా లేసులు. మన కథకి కావలసిన రెండూ ఒకే చిత్రంలో దొరికాయి: చేతిపనిలో మన గుజరాత్ ఒడుపు, ఒంటి మీద యూరప్ లేసు.

ఆ లేసు సంగతి ఇప్పుడు చూద్దాం. బట్ట నేసేవాడికి చిల్లు పడితే నష్టం. లేసు అల్లేవాళ్ళకి చిల్లే సరుకు. దారంతో ఖాళీకి గట్లు కట్టి, ఆ ఖాళీల పొందికలో పువ్వునో ఆకునో చూపించడమే లేసు. బట్ట మీద కుట్టేది ఎంబ్రాయిడరీ. అడుగున బట్ట లేకుండా దారం తన కాళ్ళ మీద తను నిలబడితే లేసు. అలా నిలబెట్టడానికి యూరప్ రెండు మార్గాలు కనిపెట్టింది.

మొదటిది సూది లేసు. తోలుకాగితం మీద గీసిన బొమ్మ వెంబడి ముందు దారం పరిచి, దాన్ని ఆధారం చేసుకుని సూదితో గాజా కుట్టు లాంటి కుట్లు లక్షలకొద్దీ వేస్తారు. చివరికి అడుగున పట్టి ఉంచిన టాకాలు తెంపితే లేసు కాగితం నుంచి విడివడుతుంది. వెనిస్ దీనికి పుట్టిల్లు. అక్కడి లేసుల కోసం ఫ్రెంచి డబ్బంతా పోతోందని పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్ 1665లో రాజుగారి లేసు కార్ఖానాలకి హుకుం ఇచ్చాడు. వాటిలో అలాంసాన్ ఊరిది ఇవాళ్టికీ బతికి ఉంది. 2010లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అలాంసాన్ లేసు ఒక్క చదరపు సెంటీమీటరుకి ఏడు గంటలు పడుతుంది. గోరంత ముక్కకి ఒక పనిదినం అన్నమాట. ఒక దొరసాని మోచేతుల దగ్గర మూడు వరసలుగా వేలాడే కుచ్చిళ్ళకి ఎన్నేళ్ళ చూపు ఖర్చయి ఉంటుందో లెక్క వేసుకోవచ్చు. వేసుకోకపోయినా నష్టం లేదు, ఆ దొరసానులు వేసుకోలేదు.

రెండోది బాబిన్ లేసు. బ్రసెల్స్, మెహ్లెన్, వలాన్సియెన్ ఊళ్ళు దీనికి పేరుమోశాయి. గట్టి దిండు మీద బెజ్జాలు పొడిచిన తోలుకాగితం పరుస్తారు. ఒక్కో దారం ఒక్కో చిన్న కర్ర కండెకి చుట్టి ఉంటుంది. వెడల్పాటి నమూనాకి ఇలాంటి కండెలు వందల్లో కావాలి. చూస్తే కళ్ళు తిరుగుతాయి గాని పనిలో ఉన్న కదలికలు రెండే. పక్కపక్కనున్న రెండు దారాల్ని ఒకదాని మీదుగా ఒకటి దాటించడం, మెలిపెట్టడం. కన్నం రావలసినచోట గుండుసూది గుచ్చి దారాల్ని దాని చుట్టూ తిప్పడం. మూడు పాయల జడ అల్లడం వచ్చినవాళ్ళు మూడు వందల పాయల జడని, మధ్యలో పువ్వులు తేలేలా అల్లడం ఊహించుకోవాలి.

దారం దగ్గర కాస్త ఆగాలి, సైన్సు అక్కడే ఉంది. ఈ లేసులకి నూలు పనికిరాదు, అవిసెనారే వాడేవాళ్ళు. అవిసె కాండంలోని నారపోగులు పెక్టిన్ అనే జిగురుతో ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఒక్కో కణపు పోగు మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. పొడిగాలిలో ఈ పోగులు పెళుసెక్కి పుటుక్కున తెగుతాయి. తేమలో జిగురు మెత్తబడి పోగులు ఒకదాని పక్కన ఒకటి నున్నగా జారి సర్దుకుంటాయి. పైగా అవిసెనార తడిస్తే బలం పెరుగుతుంది. నీళ్ళ అణువులు దూరడంతో పోగు లోపలి సెల్యులోజ్ గొలుసులు కాస్త కదిలి బరువుని అందరూ పంచుకున్నట్టు మోస్తాయి. అందుకే ఫ్లాండర్స్‌లో మేలురకం దారాన్ని తేమ ఓడే నేలమాళిగల్లో వడికేవాళ్ళు. చీకటి గదిలో ఒకే ఒక్క వెలుగురేఖ దారం మీద పడేలా ఏర్పాటు ఉండేది, దారం ఎక్కడ మందమవుతోందో కనిపెట్టడానికి. నేటి మిల్లులు అంత సన్నటి అవిసెదారం తీయవు. మ్యూజియంలో 18వ శతాబ్దపు బ్రసెల్స్ లేసు చిరిగితే అతుకు వేయడానికి దారం దొరకడమే కష్టం.

బ్రసెల్స్ వాళ్ళు మరో తెలివైన పని చేశారు. మొత్తం ముక్కని ఒకే మనిషి చేత అల్లించకుండా పువ్వులు ఒకరికి, సన్నటి జల్లి నేల మరొకరికి, రెండిటినీ కలిపి అతికే పని ఇంకొకరికి పంచారు. ఒక్కొక్కరికీ తన ముక్కే తెలుసు, పూర్తి నమూనా వ్యాపారి దగ్గరే ఉంటుంది. ఇందులో వేగమూ ఉంది, రహస్యమూ ఉంది, కూలి బేరానికి అవకాశం లేకుండా చేయడమూ ఉంది. ఈ ఏర్పాటు తర్వాత గోదావరి ఒడ్డున కూడా కనిపిస్తుంది.

ఆ శతాబ్దంలో నమూనాల రాకపోకలు చూస్తే అసలు ఏది ఎవరిదో చెప్పడం కష్టం. 1720ల్లో పట్టునేతగాళ్ళు లేసులా కనిపించే బొమ్మలని పట్టులోనే నేశారు. లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో అన్నా మరియా గార్త్‌వెయిట్ అనే మహిళ పట్టు నేతకి గీసిన నమూనాలు వందల్లో మ్యూజియంలో ఉన్నాయి. పువ్వుని వృక్షశాస్త్రజ్ఞుడి కన్నుతో చూసి, మగ్గం లెక్కలోకి ఇమిడించిన మనిషి ఆవిడ. మన కోరమండల్ తీరపు కలంకారీలు, మచిలీపట్నం చుట్టుపక్కల చేవేరు ఎరుపుతో పటికరాయి పట్టించి అద్దిన పూలబట్టలు, అక్కడి నేతగాళ్ళ పొట్టకొడుతున్నాయని ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. ఇంగ్లండ్ 1721 చట్టంతో వాడకాన్నే నేరం చేసింది. నిషేధం ఉన్నన్నాళ్ళూ ఆ బట్టల మీద మోజు పెరిగిందే గాని తగ్గలేదు. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలో ఇంగ్లిషు కంపెనీకి బట్టల కోఠీ ఉండేది. అక్కడి నుంచి వెళ్ళిన తెల్లటి నూలుబట్టకి ఇంగ్లిషులో మడపొల్లం అనే పేరు ఇప్పటికీ ఉంది. పాలకొల్లులో డచ్చివాళ్ళు ఉండేవాళ్ళు. అంటే లేసు ఈ ఒడ్డుకి రాకముందే, ఈ ఒడ్డు బట్ట లేసుల దేశానికి వెళ్ళిపోయింది.

ఇక యంత్రం. బాబిన్ లేసుని చూసి ఇది యంత్రానికి లొంగుతుందని పసిగట్టినవాడు జాన్ హీత్‌కోట్. ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో మేజోళ్ళ అల్లిక మగ్గాలు బాగుచేసే పనివాడు. ఆ మగ్గాల మీదే 1760ల నుంచి చిల్లుల బట్ట తీసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. 1775 ప్రాంతంలో పడుగు దారాల్నే ఉచ్చులుగా అల్లే మగ్గం కూడా వచ్చింది. దీన్ని గుర్తుపెట్టుకోవాలి, సూరత్ దగ్గర మళ్ళీ పనికొస్తుంది. హీత్‌కోట్ చేతిలేసు ముక్కని దారం దారంగా విడదీసి చూశాడట. వందల కండెలు చిందరవందరగా తిరుగుతున్నట్టు కనిపించినా, సగం దారాలు దాదాపు నిలువునా దిగుతున్నాయి, మిగతా సగం వాటి చుట్టూ మెలితిరుగుతూ ఏటవాలుగా నడుస్తున్నాయి. అలాగైతే సగాన్ని పడుగులా బిగదీసి కదలకుండా ఉంచవచ్చు. మిగతా సగాన్ని నాణెంలా పల్చటి ఇత్తడి బిళ్ళలకి చుట్టి, పడుగు దారాల సందుల్లోంచి ముందుకీ వెనక్కీ ఊపుతూ ఒక్కో అడుగు పక్కకి జరపవచ్చు. 1808, 1809ల్లో పేటెంట్లు తీసుకున్నాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు దాటుతున్నాయి. యంత్రం నుంచి ఆరు మూలల కన్నాల జల్లిబట్ట గజాల లెక్కన దిగింది.

చేతిపనివాళ్ళ కోపం కూడా దిగింది. 1816 జూన్‌లో ఒక రాత్రి లడ్డైట్లు అనే తిరుగుబాటు పనివాళ్ళు లఫ్‌బరోలోని అతని కార్ఖానాలో దూరి యాభైకి పైగా యంత్రాల్ని పగలగొట్టారు. హీత్‌కోట్ ఊరు వదిలి డెవన్‌లోని టివర్టన్‌కి కార్ఖానాని తరలించాడు. ఈలోగా 1813లో జాన్ లీవర్స్ నాటింగ్‌హామ్‌లో మరో యంత్రం తయారుచేశాడు. 1840ల నాటికి దానికి జాకార్డ్ అట్టల్ని జతచేసి, జల్లి నేలతోపాటు పువ్వుల్ని కూడా యంత్రం మీదే తీయగలిగారు. మన మగ్గాల వాళ్ళకి జకాట అట్టల సంగతి చెప్పనక్కర్లేదు. బెజ్జం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు.

సూది లేసుని ఓడించింది మరో రకం కపటం. 1863లో స్విట్జర్లాండ్‌లో ఇసాక్ గ్రోబ్లీ షిఫ్లీ ఎంబ్రాయిడరీ యంత్రం కనిపెట్టాడు. 1880ల్లో ఎవరికో మెరుపులాంటి ఆలోచన వచ్చింది: పట్టుబట్ట మీద నూలుదారంతో దట్టంగా ఎంబ్రాయిడరీ చేసి, తర్వాత బట్టనే కరిగించేస్తే? పట్టు ప్రోటీన్, కాస్టిక్ క్షారంలో కరుగుతుంది. నూలు సెల్యులోజ్, తట్టుకుంటుంది. బట్ట మాయమై దారపు పువ్వులు ఒకదాన్నొకటి పట్టుకుని మిగిలాయి. ఇప్పుడు సూరత్‌లో ఇదే పని వరసగా తలలున్న కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాల మీద జరుగుతోంది. పట్టుకి బదులు పాలీవినైల్ ఆల్కహాల్ పొర వాడతారు. ఆ ప్లాస్టిక్ అణువు పొడవునా నీటిని పిలిచే హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి, వేణ్ణీళ్ళలో వేస్తే పంచదారలా పోతుంది. బజారులో జీపీఓ లేసు అని అమ్మేది చాలామటుకు ఇదే. కెమికల్ లేసు అన్నా ఇదే. వెనిస్ సన్యాసినులు ఏళ్ళ తరబడి చేసినదాన్ని నీటితొట్టె అరగంటలో తేల్చేస్తోంది. చూడ్డానికి బాగుంటుందని నేను ఒప్పుకుంటాను, పట్టుకుంటే మాత్రం బిరుసు.

మరి కొక్కెం? టాంబూర్ చట్రం మీద గొలుసు కుట్టు వేస్తున్న చేతికి, అడుగున బట్ట తీసేసినా గొలుసు నిలబడుతుందని ఎప్పుడో తట్టి ఉండాలి. క్రోషె ఎక్కడ పుట్టిందన్నదానికి ఒకటికి మించి వాదాలున్నాయి. 1800కి ముందు యూరప్‌లో అది ఉన్నట్టు గట్టి ఆధారం లేదని డెన్మార్క్ పరిశోధకురాలు లిస్ పలుడన్ రాశారు. టాంబూర్ నుంచే గాలిలోకి వచ్చిందన్న వాదం నాకు అన్నిటికన్నా నమ్మదగ్గదిగా తోస్తుంది. కొక్కెం అదే, ఉచ్చు అదే, కాలమూ సరిపోతోంది. 1820ల్లో పెనెలొపె అనే డచ్చి పత్రికలో క్రోషె నమూనాలు అచ్చయ్యాయి. 1845లో ఐర్లండ్‌లో బంగాళదుంప పంట కుళ్ళి కరువొచ్చినప్పుడు కాన్వెంట్లు పేద ఆడవాళ్ళకి ఈ పనే నేర్పాయి. వెనిస్ సూది లేసుల పోలికలో గులాబీలూ ఆకులూ విడివిడిగా కొక్కెంతో అల్లి, గొలుసులతో కలిపేవాళ్ళు. వెనిస్ లేసు కొనలేనివాళ్ళు ఐరిష్ క్రోషె కొన్నారు.

మిషనరీలు ఆ తోవనే మన గోదావరి డెల్టాకి లేసుని తెచ్చారు. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులతో నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో మిషన్ మొదలైంది. ఆ శతాబ్దంలో లేసు పని మొదట క్రైస్తవంలోకి వచ్చిన పేద కుటుంబాల ఆడవాళ్ళ చేతికి వచ్చింది. తర్వాత వసిష్ఠ గోదావరి ఒడ్డు పల్లెల్లో కాపు ఇళ్ళ గడప లోపలికి వెళ్ళింది. బయట పనికి వెళ్ళకూడని ఆడవాళ్ళకి ఇంట్లో కూచుని చేసే పని కావలసి వచ్చింది, వ్యాపారికి చవక చెయ్యి కావలసి వచ్చింది. బ్రసెల్స్ ఏర్పాటు ఇక్కడా దిగింది. పువ్వులు అల్లేది చేతిపని, వాటిని కలిపేది అతుకుపని, మధ్యలో ఏజెంట్లు, పైన ఎగుమతిదారులు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం ఇక్కడ అధ్యయనం చేసి 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద పుస్తకం ప్రచురించారు. ప్రపంచ బజారుకి సరుకు పంపే ఈ కార్మికుల్ని ఇంట్లో ఊసుపోక అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడమే కూలి అంత అడుగున ఉండటానికి కారణమని ఆవిడ తేల్చారు. స్త్రీల శ్రమ మీద చెప్పే పాఠాల్లో నరసాపురం పేరు తరచూ వస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం నాకు ఎక్కడా తగల్లేదు. 2024లో నరసాపురం క్రోషె లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. లేసు అల్లే మూడు విధానాల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. సూది లేసులో దారం కొస దూరి బయటికొస్తుంది. బాబిన్ లేసులో దారాలు ఒకదాన్నొకటి దాటుతాయి. క్రోషెలో ఉచ్చులోంచి ఉచ్చు వస్తుంది, కొస ఎక్కడా దూరదు. అందుకే క్రోషె దుప్పటి ఎంత పెద్దదైనా ఆఖరి ముడి వేసేదాకా గణితం దృష్టిలో అది ముడే లేని దారం, లాగితే మొత్తం ఊడి వస్తుంది. స్వెట్టరు అల్లికా ఉచ్చులదే. తేడా ఎక్కడంటే, స్వెట్టరులో వరసలో ఉన్న ఉచ్చులన్నీ ఒకేసారి తెరుచుకుని ఉంటాయి, అన్నీ సూది మీద నిలబడి ఉండాలి. కొత్త ఉచ్చు కిందనున్న పాత ఉచ్చులోంచి మాత్రమే వస్తుంది. క్రోషెలో ఎప్పుడూ తెరుచుకుని ఉండేది ఒకే ఒక్క ఉచ్చు. కొత్త కుట్టు కింది వరసనీ పట్టుకుంటుంది, పక్కనున్న ముందటి కుట్టునీ పట్టుకుంటుంది. అలా ముగిసిన కుట్టు ఇక జారదు. కాబట్టి తర్వాతి కుట్టుని ఎక్కడైనా పొడవచ్చు: పక్క కన్నంలో, నాలుగు వరసల కిందట, వెనక్కి తిరిగి, గాలిలో పది గొలుసులు వేసి అవతలి రేకలో.

ఈ స్వేచ్ఛ ఎంత దూరం పోతుందంటే, 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణిత అధ్యాపకురాలు డైనా తైమినా, కాగితంతో చేస్తే చినిగిపోయే అతిపరావలయ తలాన్ని క్రోషెతో అల్లి విద్యార్థుల చేతిలో పెట్టారు. ప్రతి కొన్ని కుట్లకీ ఒక కుట్టు అదనంగా వేస్తూ పోతే అంచు ముడతలు పడుతూ సముద్రపు పగడంలా విచ్చుకుంటుంది. రేఖాగణితం పుస్తకంలోని సమాంతర రేఖల సూత్రం ఆ ముక్క మీద చెల్లదు.

యంత్రానికి ఈ స్వేచ్ఛే చిక్కు. అల్లిక యంత్రంలో ప్రతి ఉచ్చుకీ సొంత సూది ఉంటుంది, ఉచ్చు ఎక్కడుందో వెతకనక్కర్లేదు, అది సూది మెడలోనే ఉంటుంది. హీత్‌కోట్ బిళ్ళలకీ నడిచే దారి ముందే కోసిపెట్టి ఉంది. క్రోషెలో సూది పోయి దూరవలసిన కన్నం అప్పుడే పుట్టింది. మెత్తగా ఉంది, వేలు కదిపితే జరుగుతుంది, కుట్టు కుట్టుకీ వంపు మారుతుంది. అల్లే మనిషి ఎడమచేతి వేళ్ళతో దాన్ని చదును చేసి పట్టుకుంటుంది, చూపుడువేలి మీద దారాన్ని బిగువుగా పారిస్తుంది, కొక్కేన్ని ఉచ్చులోంచి బయటికి లాగేటప్పుడు అది ఎక్కడా తగులుకోకుండా కొంచెం తిప్పుతుంది. అడిగితే ఈ తిప్పడం గురించి ఆమెకే చెప్పడం రాదు, మణికట్టుకి తెలుసు.

సూరత్ క్రోషె మెషీన్ ఈ చిక్కుని విప్పదు, పక్కనుంచి దాటిపోతుంది. దాని పూర్వీకుడు 1775 నాటి ఆ పడుగు అల్లిక మగ్గమే. సూదులు అడ్డంగా వరసగా ఉంటాయి. ఒక్కో సూదీ తన పడుగు దారంతో తన చోటే నిలువు గొలుసు అల్లుకుంటూ పోతుంది. సన్నటి గొట్టాల్లోంచి అడ్డదారాలు వచ్చి ఈ గొలుసుల మధ్య అటూ ఇటూ తిరిగి వాటిని కలుపుతాయి. అడ్డదారం ఎక్కడిదాకా వెళ్ళి వెనుదిరగాలో మార్చితే అలలు, రేకలు, చిల్లులు వస్తాయి. నిమిషానికి వందల వరసలు దిగుతాయి. దారం పాలియెస్టర్, మెరుపు కావాలంటే లోహం పూత పూసిన సన్నటి పాలియెస్టర్ రిబ్బను. ఆ లేసు మీటరు ధరకి నరసాపురంలో దారం ఖర్చు కూడా రాదు.

జర్మనీలో బీలెఫెల్డ్ పరిశోధకులు ఈ మధ్య అసలైన క్రోషె కుట్లు వేసే నమూనా యంత్రాలు తయారుచేశారు. కింది వరసనీ పక్క కుట్టునీ రెండిటినీ పట్టుకునే కుట్టుని అవి చదునైన ముక్కల మీద వేయగలుగుతున్నాయి. కార్ఖానాలోకి ఇంకా రాలేదు. పైగా నరసాపురం పువ్వు మొదలయ్యేదే గుండ్రంగా: అయిదారు గొలుసులు కలిపి ఉంగరం చేసి, దాని చుట్టూ రేకలు పెంచుకుంటూ పోవడం. అయితే యంత్రం చేయలేని పని అన్న పేరు వల్ల కూలి పెరిగిందా అంటే పెరగలేదు. కొనేవాడు యంత్రాన్ని ఈ చేతితో పోల్చడు, చైనాలో ఇదే కొక్కెం పట్టిన మరో చేతితో పోలుస్తాడు. లేదా ఈ ముక్కకీ సూరత్ చుట్టకీ తేడా ఏమిటో తెలియకుండానే చవకదాన్ని తీసుకుంటాడు.

ఆ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. చేతితో అల్లిన ఒక్కో పువ్వుకి ఆఖరి ముడి విప్పి దారం లాగితే ఒక్కో కుట్టే వెనక్కి ఊడుతూ మొదటి గొలుసు దాకా వస్తుంది, చివరికి చేతిలో మిగిలేది ఒకే దారం. యంత్రపు లేసులో ఒక పడుగు దారం లాగితే ఆ ఒక్క నిలువు గొలుసే ఊడి, అడ్డదారాలు కుచ్చులా వేలాడతాయి. కొట్లో ఈ పరీక్ష చేయనివ్వరు కాబట్టి వెలుతురుకి ఎత్తి వెనకవైపు చూస్తే చాలు. యంత్రపుదానికి గొలుసులన్నీ అంచుకి సమాంతరంగా, పలక మీద గీసినట్టు నిలువునా దిగి ఉంటాయి. చేతిదానికి గొలుసులు పువ్వు ఎటు తిరిగితే అటు తిరిగి ఉంటాయి.